లింకను కాపురమున్న యిల్లు

అమెరికా సంయుక్త రాష్ట్రముల అధ్యక్షపదవి నలంకరించినవారి గృహములను పెక్కింటిని అచ్చటి ప్రజలు పదిలపరచుకొని యున్నారు. వాషింగ్టను వసించిన మౌంట్ వెర్నను నదీతీరమున నున్నది. జెఫర్సను తన యూహకు తగినట్లు కట్టించుకొనిన మాంటిచెల్లో కొండమీద నున్నది. రెండును ఒకప్పుడు వేలకొలది యెకరముల భూమి నడుమ వెలసిన భవనములే. ఆ భూములను సాగుచేసినది బానిసల శ్రమయే. మౌంట్ వెర్నను శిథిలమగుచుండగా 1858లో ఒక మహిళాసంఘము దానిని రెండులక్షల డాలర్లకు కొన నొప్పుకొని కాపాడినది. నేటికిని ఆ సంఘమే దానికి యజమాని. ఇట్టి మహాసౌధములలో చేరనిది ఇలినాయ్ రాష్ట్రమునకు రాజధానియగు స్ప్రింగ్‌ఫీల్డు నగరములోని ఒక చెక్క యిల్లు. అబ్రహాం లింకను తన జీవితమున స్వంతము చేసికొనిన గృహ మది యొక్కటియే. ఆ యింటిని దర్శించినపుడు మేము గ్రహించిన సంగతులను, ఇంటి గోడలు తమంతట తాము చెప్పని మరికొన్ని సంగతులను శ్రోతలకు మనవిచేయుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశ్యము.

స్ప్రింగ్‌ఫీల్డు చికాగో నగరమునకు నైరృతిదిశను ఇంచుమించు 200 మైళ్ళ దూరమున నున్నది. నగరమధ్యమున, ఎనిమిదవ వీధియు జాక్సను వీధియు కలియు మూలను లింకను గృహము కలదు. ఇంటినే గాక, దానిచుట్టునున్న పేటను కూడ ప్రభుత్వము తన రక్షణలోనికి తీసికొనినది. ఆ పేటలో మోటారుబండ్లు తిరుగవు. వీధి కిరుప్రక్కల, నాటి పద్ధతినే, కొయ్యపలకలు పరచిన కాలిబాటలున్నవి. లింకను కుటుంబమునకు ఇరుగుపొరుగుగా నున్నవారి యిండ్లు కొన్ని బాగుచేయబడి నిలిచియున్నవి. ఇక లింకను యిల్లు! రెండంతస్తులు, గోధుమవన్నె గోడలు, పచ్చని కిటికీరెక్కలు, తలుపుమీద ఇంటివాని పేరు చెక్కిన చిన్న పలక. వీధినుండి కానవచ్చు విశేష మింతకుమించి లేదు. సంగతి తెలియనివాడు ఎవరో ఒక మోస్తరు వకీలుగారి యిల్లనుకొని సాగిపోవును. నిజమునకు అది వకీలుగారి యిల్లే.

ఆ వకీలు ఆ యిల్లు కొనుటకు ముందు ఎంత దూరము నడిచివచ్చెనో తెలిసికొనినగాని దాని విలువ మనకు బోధపడదు. 1837 ఏప్రిలు నెలలో, 28 ఏండ్ల ప్రాయమున, లింకను ఎరువు తెచ్చుకొనిన గుఱ్ఱముమీద ఈ పట్టణములో ప్రవేశించెను. అతని ఆస్తియంతయు జీనుసంచులలో ఇమిడియుండెను. జాషువా స్పీడు అను వర్తకుని దుకాణములోనికి పోయి మంచమునకు కావలసిన పరుపు, దుప్పటి, దిండు వెల యెంతయని అడిగెను. అన్నియు కలిసి 17 డాలర్లయ్యెను. అంత సొమ్ము తనయొద్ద లేదనియు, వకీలుగా కుదురుకొనినచో తీర్చుకొందుననియు అతడు చెప్పెను. ఆ ముఖములోని దైన్యమును చూచి స్పీడు దుకాణము మేడమీదనున్న తన గదిలోనే అతనికి చోటిచ్చెను. పదునేడు డాలర్లకు నోచుకొనని ఆ మనుష్యుడే ఏడేండ్లలో, 1844లో, చార్లెసు డ్రెస్సరు అను మతాచార్యునినుండి ఈ యింటిని కొనెను. 1200 డాలర్లు నగదు, 300 డాలర్ల విలువగల స్థలమొకటి, వెరసి 1500. అంతకు రెండేండ్లకు ముందు లింకనుకును మేరీ టాడ్డుకును వివాహము జరిపించిన పురోహితుడు ఈ డ్రెస్సరుగారే.

డ్రెస్సరు 1839లో కట్టించిన యిల్లు నేడు మనము చూచుచున్నంత పెద్దది కాదు. క్రింద కొన్ని గదులు, వాలు కప్పుక్రింద ఇరుకైన మేడ, అంతే. మేరీ కెంటకీ రాష్ట్రములో సంపన్నుల యింట పుట్టి పెరిగినది. దాసదాసీజనముతో నిండిన లోగిలినుండి ఈ చిన్న యింటికి కాపురమునకు వచ్చినది. తండ్రి తన కిచ్చిన భూమిని ఆమె 1854లో విక్రయింపగా వచ్చిన ధనము ఈ యింటిని పెంచుటకు తోడ్పడినది. 1856 నాటికి పై అంతస్తు సంపూర్ణముగా లేచినది, గదులు పండ్రెండైనవి. కనుక లింకను గృహమని మన మనుచున్నను, దానిని నేటి రూపమునకు తెచ్చినది ఇల్లాలి పట్టుదల, ఆమె పుట్టింటి సొమ్ము. వకీలుగారు ఏటికి రెండుమార్లు, ఒక్కొక్కమారు వారములతరబడి, న్యాయాధిపతి వెంట ఊరూర తిరుగుచు కోర్టుపనులలో నుండగా ఇంటి బరువంతయు ఆమెయే మోసినది.

లోపలికి ప్రవేశింతము. పార్కు సిబ్బందిలో నొకరు వెంట నుండి, చూడవచ్చినవారిని చిన్న జట్టులుగా తీసికొనిపోవుదురు. ముందు సావడి అతిథుల కొఱకు అలంకరింపబడినది. పిల్లలకు అచ్చట ప్రవేశము కష్టము. ఎదుటి గది ఇంటివారు కూర్చుండు చోటు. ఆరడుగుల నాలుగంగుళముల పొడవుగల లింకనుకు నాటి కుర్చీలు సుఖముగా నుండెడివి కావు. అందుచే నేలమీద పడుకొని పత్రికలు చదువుకొనెడివాడు. పిల్లలు అతనిమీది కెక్కి ఆడుకొనెడివారు. మేడమీద భార్యాభర్తలకు వేరువేరు పడకగదులు. నడుమ ఒక ద్వారము. లింకను గదిలో ఒక చిన్న వ్రాతబల్ల యున్నది. రేపటి దేశాధ్యక్షుడు తన ఉత్తరములు వ్రాసికొనుటకు ఇంత చిన్న బల్ల యెట్లు చాలెనో యని చూపరు లాశ్చర్యపడుదురు. వెనుకటి వైపున పనిమనిషి పరుండు ఇరుకు గది. క్రింద వంటయింటిలో ఇనుప పొయ్యి, 1860లో కొనినది. కొన్ని నెలలు వండుకొనిరో లేదో, ఇల్లు విడిచి వాషింగ్టను నగరమునకు ప్రయాణము కావలసివచ్చినది.

ఈ యింటిలో సంతోషములే గాక శోకములును జరిగినవి. దంపతులకు నలుగురు కుమారులు. పెద్దవాడు రాబర్టు ఇల్లు కొనుటకు ముందే పుట్టెను. తక్కిన ముగ్గురు, ఎడ్వర్డు, విల్లీ, టాడ్డు, ఇచ్చటనే జన్మించిరి. వారిలో ఎడ్వర్డు నాలుగేండ్లయినను నిండకయే 1850 ఫిబ్రవరి 1వ తేదీన ఈ యింటనే కన్నుమూసెను. విల్లీ 1862లో శ్వేతభవనమున మరణించెను. టాడ్డు తండ్రి పోయిన ఆరేండ్లకు, 1871లో, గతించెను. తల్లి నలుగురిని కని ముగ్గురిని పోగొట్టుకొనినది. చరిత్రగ్రంథములు లింకను ముఖమునందలి విషాదమును గూర్చి చెప్పునపుడు యుద్ధమును తలచును. ఆ విషాదమునకు కొంత మూలము ఈ మేడగదులలో నున్నదని వానిని చూచినవారికి తోచును.

1860 మే నెలలో ఈ వీధి స్వరూపమే మారిపోయినది. 18వ తేదీన చికాగోలో రిపబ్లికను పక్షమువారు లింకనును తమ అభ్యర్థిగా ఎన్నుకొనిరి. మరునాటి సాయంకాలమున వారి ప్రతినిధులు ఆ వార్తను లాంఛనముగా తెలియజేయుటకు ఇంటికి వచ్చిరి. వచ్చినవారికి లింకను మద్యము నీయక, చల్లని మంచినీ రిచ్చి ఆదరించెను. ఆగస్టు 8వ తేదీన వేలకొలది జనము ఇంటిముందు ఊరేగింపుగా నడచిరి. నాటి ఛాయాచిత్రములో తెల్లని దుస్తులు ధరించి వాకిటిలో నిలిచిన లింకను, తక్కినవారికంటె తల యెత్తుగా కనబడును.

ప్రతినిధులు వచ్చిపోయిన మరుసటి దినమున ఇంటికి వచ్చిన మరియొకనిని గూర్చి ఇచ్చట కొంత చెప్పవలసియున్నది. అతడు లియోనార్డు వోల్కు అను శిల్పి. లింకను చేతులకు సున్నపుముద్దతో అచ్చు తీయుట అతని పని. అభినందింపవచ్చినవారందరు పట్టి ఊపుటచే లింకను కుడిచేయి వాచియుండెను. పిడికిలి సరిగా నిలుచుటకు చేతిలో నేదైన పట్టుకొనుమని శిల్పి కోరగా, లింకను పెరటిలోని కట్టెలకొట్టులోనికి పోయి, చీపురు పిడికఱ్ఱనుండి ఒక ముక్క కోసికొని, దాని కొసలను చాకుతో చెక్కుచు తిరిగివచ్చెను. అంత నునుపు అక్కరలేదని శిల్పి చెప్పినను, బాగుగా నుండనిమ్మని అతడు చెక్కుట మానలేదట. ఎడమచేతి బొటనవ్రేలిమీద మచ్చయుండెను. అది గొడ్డలితో కొయ్యపని చేసిన కాలమునాటి గాయము. కఱ్ఱముక్కను పట్టిన ఆ కుడిపిడికిలి నేటికిని వాపుతోనే అచ్చులలో నిలిచియున్నది.

ఈ వృత్తాంతమును ఇంత వివరముగా చెప్పుటకు కారణమున్నది. ఆ చేతి అచ్చునుండి తీసిన ప్రతు లనేకము లోకమున వ్యాపించినవి. జవహర్‌లాల్ నెహ్రూగారు భారత ప్రధానమంత్రిగా నున్న కాలమున తమ వ్రాతబల్లమీద మహాత్మాగాంధి చిన్నవిగ్రహ మొకటియు, లింకను చేతి లోహప్రతియు ఉంచుకొనెడివారు. ఆ చేతిలోని బలమును, మృదుత్వమును వారు తరచు తలచుకొనెడివారు. స్ప్రింగ్‌ఫీల్డు ఇంటిలో ఒక ఆదివారమునాడు చీపురుకఱ్ఱను పట్టిన పిడికిలి, నూరేండ్లు గడచునప్పటికి, ఢిల్లీలో మన రాజ్యతంత్రము నడచిన బల్లమీదికి వచ్చిచేరినది. నెహ్రూగారు వసించిన తీన్‌మూర్తి భవనమును కూడ వారి మరణానంతరము 1964లో స్మారక ప్రదర్శనశాలగా చేసిరి. 2022లో ఆ ఆవరణములోనే ప్రధానమంత్రుల సంగ్రహాలయము వెలసినది. మహనీయుల గృహములను నిలుపుకొను ఆలోచన మనకును పరాయిది కాదు.

లింకను గృహములో మేడమెట్ల ప్రక్కనున్న చేపట్టుకఱ్ఱ అతని కాలమునాటిదే. తక్కిన వస్తువులను తాకరాదు. ఈ కఱ్ఱను మాత్రము పట్టుకొని యెక్కవచ్చును. వచ్చినవారిలో పిల్లలును పెద్దలును దానిని కొంచెము గట్టిగానే పట్టుకొనుట మేము గమనించితిమి. అనేక లక్షలమంది చేతులు తాకుటచే అది మిక్కిలి నునుపుదేరినది.

1861 ఆరంభమున దంపతులు సామానులలో చాలవరకు అమ్మివేసి, ఇంటిని లూషియన్ టిల్టను అను రైల్వే అధికారికి అద్దె కిచ్చిరి. ఫిబ్రవరి 11వ తేదీ ఉదయమున లింకను ఈ ఊరు విడిచెను. తిరిగివచ్చుట ఎన్నటికో, అసలు కలదో లేదో తెలియదని బండి కదలుటకు ముందు ఊరివారితో చెప్పెను. 1865 మే నెలలో అతని భౌతికకాయమే తిరిగివచ్చినది. ఇంటికి నల్లగుడ్డలు కట్టిరి. ఓక్‌రిడ్జి శ్మశానమున సమాధిచేసిరి. టిల్టను కుటుంబము ఇంటిసామానులలో కొన్నింటిని కొనియుండెను. వారు వానిని చికాగోకు తీసికొనిపోగా, 1871లో ఆ నగరమును దహించిన మహాగ్నిలో అవి నశించినవి. అందుచేతనే నేడు గదులలో కనబడు వస్తువులలో లింకను కుటుంబము వాడినవి కొన్ని మాత్రమే. తక్కినవి ఆ కాలమునాటి తీరును బట్టి సమకూర్చినవి. ఏది యెట్టిదో చూపించువారు దాచక చెప్పుదురు. ఇది మాకు మిక్కిలి నచ్చినది.

తరువాత ఇల్లు అద్దెకొంపయైనది. ఒకరి తరువాత ఒకరు కాపురముండిరి. ఇల్లు తుదకు, మిగిలియున్న ఏకైక కుమారుడగు రాబర్టుకు దక్కినది. 1880వ దశకమున అందులో అద్దెకు దిగినవాడు ఆస్‌బర్ను ఓల్డ్రాయిడ్డు. అంతర్యుద్ధమున సైనికుడుగా పనిచేసినవాడు. లింకనుమీది భక్తిచే వేలకొలది చిత్రములు, కాగితములు, వస్తువులు సేకరించినవాడు. వానిని ఈ యింటి గదులలో పేర్చి, వచ్చినవారికి చూపించుచుండెను. భక్తి పెరిగినకొలది అద్దె చెల్లించుట తగ్గినది, తుదకు నిలిచిపోయినది. అప్పటికి యుద్ధమంత్రిగా పనిచేసి విరమించియున్న రాబర్టుకు ఇది చికాకు కలిగించినమాట నిజమే. 1887లో అతడు ఇంటిని ఇలినాయ్ రాష్ట్రమునకు దానము చేసెను. దానపత్రములో రెండు షరతులు విధించెను. ఒకటి: ఇంటిని ఎల్లకాలము మంచి మరమ్మతులో నుంచవలెను. రెండు: ప్రజలకు ఉచితముగా ప్రవేశ మీయవలెను. ఓల్డ్రాయిడ్డే మొదటి సంరక్షకు డయ్యెను. 1893లో ఆ యుద్యోగము పోగా, తన సేకరణ నంతను తీసికొని వాషింగ్టను నగరమునకు పోయి, లింకను ప్రాణములు విడిచిన యింటిలో ప్రదర్శించెను.

రాబర్టు పెట్టిన రెండు షరతులు చూచుటకు చిన్నవి. కాని నూటముప్పది యేండ్లకు పైగా వానిని చెల్లించుట సామాన్యమైన పనికాదు. చెక్కయిల్లు చెదకును వానకును లోబడునది. చూడవచ్చువారి పాదముల బరువే దానికి శత్రువు. 1971లో కాంగ్రెసు చేసిన శాసనముచే ఈ యిల్లు కేంద్ర ప్రభుత్వ రక్షణకు మారినది. మరుసటి యేటినుండి జాతీయోద్యానముల శాఖ దీనిని చూచుచున్నది. 1980వ దశకపు చివర ఇంటిని మూసి, నిర్మాణమును పటిష్ఠపరచి, 1988లో మరల తెరచిరి. ప్రభుత్వములు మారినవి, యాజమాన్యము మారినది. ప్రవేశమునకు మాత్రము నేటికిని రుసుము లేదు. ఒకప్పుడు 17 డాలర్లు లేక తలవంచుకొని నిలిచిన మనుష్యుని యింటి వాకిట, డబ్బులేదని యెవ్వరిని త్రిప్పిపంపరు. ఆ యింటికి ఇంతకంటె తగిన నియమము వేరొకటి మాకు తోచుటలేదు.

అయినను ఇల్లు చెప్పని కథ కొంత యున్నదని మొదటనే మనవిచేసితిమి. లింకను ఇంటినుండి ఎనిమిదవ వీధి వెంట దక్షిణముగా కొంచెము నడచినచో ఒక ఖాళీస్థలము కనబడును. అచ్చట జేమ్సను జెంకిన్సు అను నల్లజాతివాని యిల్లుండెడిది. అతడు బండితోలి జీవించువాడు. 1850 జనవరిలో మిస్సోరీనుండి పారిపోయివచ్చిన బానిసలను తప్పించి ఉత్తరమునకు సాగనంపుటకు తోడ్పడినవాడు. 1861లో లింకనును రైలుస్టేషనుకు చేర్చినదియు ఇతని బండియే. లింకను ఇంట వంటపనియు చాకిరియు చేసినవారిలో మరియా వాన్సు అను నల్లజాతి స్త్రీ యుండెను. బానిసత్వము లేని రాష్ట్రమే యైనను, నల్లజాతివారు క్రొత్తగా వచ్చి స్థిరపడరాదని ఇలినాయ్ 1853లో చట్టము చేసియుండెను. ఆ చట్టపు నీడలో బ్రతికిన పొరుగువాడు జెంకిన్సు. ఒకే వీధిలో ఒక యిల్లు నిలిచినది, మరియొకటి నిలువలేదు. ఆ ఖాళీస్థలముచెంత నేడు అతని కథను తెలుపుచున్నారు.

ఇంతకంటె కఠినమైన సంగతి మరియొకటి. 1908 ఆగస్టు 14వ తేదీన, ప్రభుత్వము మంచి మరమ్మతులో నుంచిన ఈ యిల్లు తలుపులు తెరచుకొని యుండగనే, ఇదే నగరములో తెల్లజాతి మూకలు నల్లజాతివారి పేటలమీద పడినవి. ఒక స్త్రీ చేసిన ఆరోపణ దానికి సాకు. ఆ యారోపణ అసత్యమని ఆమెయే తరువాత ఒప్పుకొనినది. దుకాణములు కొల్లగొట్టిరి, ఇండ్లు తగులబెట్టిరి, ఇద్దరు నల్లజాతివారిని చంపి చెట్లకు వ్రేలాడదీసిరి. ఇద్దరిలో ఒకడు విలియం డానెగను అను వృద్ధుడు. చెప్పులు కుట్టుట అతని వృత్తి. లింకనుకు కూడ బూట్లు కుట్టెనని చెప్పుదురు. తుదకు సైన్యము వచ్చి అల్లరి నణచినది. లింకను ఊరిలోనే ఇట్లు జరుగుట చూచి దేశము తలవంచుకొనినది. మరుసటి సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన, లింకను శతజయంతి దినమున, కొందరు న్యాయప్రియులు ఇచ్చిన పిలుపునుండి నల్లజాతివారి హక్కులకై పోరాడు జాతీయ సంఘము పుట్టినది.

ఆనాడు తగులబడిన యిండ్ల పునాదులు కొన్ని, చాలకాలము మట్టిలో కప్పబడియుండి, 2014లో రైలుమార్గపు పనుల సందర్భమున బయటపడినవి. 2024 ఆగస్టులో ఆ స్థలమును జాతీయ స్మారకముగా ప్రకటించిరి. కనుక నేడు స్ప్రింగ్‌ఫీల్డుకు పోవువాడు రెండింటిని చూడవలెను. ఒకచోట రంగు వేసిన గోడలు, తుడిచిన కుర్చీలు, పేరుపలక. వేరొకచోట కాలిన ఇటుకలు. రెండును ఒకే చరిత్రలోనివి. ఒకదానిని చూచి రెండవదానిని విడుచుట సగము చదివి గ్రంథమును మూయుటవంటిది.

ఇల్లు కాపాడినంతమాత్రమున ఇంటివాని ఆశయము కాపాడబడదని 1908 చెప్పుచున్నది. అట్లని ఇల్లు నిష్ప్రయోజనమా? కాదని మా అభిప్రాయము. ఆ చిన్న వ్రాతబల్లను, ఆ ఇరుకు పనిమనిషిగదిని, పిల్లవాడు మరణించిన మేడను చూచినవానికి లింకను రాతివిగ్రహముగా కాక, అప్పుచేసి, ఇల్లు కొని, భార్యతో వాదించి, బిడ్డను పాతిపెట్టి, మరల పనికి లేచిపోయిన గృహస్థుగా తెలియును. అట్టివాడు చేయగలిగిన పనిని మనుష్యమాత్రులు మరికొందరును చేయవచ్చునను ధైర్యము కలుగును. ఆ ధైర్యము కలిగించుటకైనను ఆ తలుపు తెరచియుండవలెను.

రాబర్టు లింకను తన దానపత్రములో తండ్రిని పొగడుచు పెద్దమాట లేవియు కోరలేదు. ఇంటిని బాగుచేయుచుండుడు, వచ్చినవారిని ఉచితముగా రానిండు అని మాత్రమే కోరెను. మొదటి షరతు ఇంజనీర్లు చెల్లించుచున్నారు. రెండవ షరతు ప్రతి ఉదయమున తలుపు తెరచువారు చెల్లించుచున్నారు. అందరిని సమానముగా లోపలికి రానిచ్చుట యనునది ఆ చిన్నయింటి గడపయొద్ద నిత్యము జరుగుచున్నది. ఆ గడపకు వెలుపల, ఆ దేశమునందును, తక్కిన దేశములందును, అది ఇంకను జరుగవలసిన పనిగానే యున్నది.